ముసురు రోజుల్లో కోళ్ళ గూడు



అక్టోబరు నెల వచ్చిందంటే మన నెల్లూరు తీరంలో గాలి దిక్కు మారుతుంది. రాష్ట్రంలో చాలా జిల్లాలకు వానకాలం జూన్ నుండి సెప్టెంబరు వరకు. మనకు మాత్రం ఏడాదిలో కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య ఋతుపవనాలతోనే వస్తుంది. చెరువులు నిండేది అప్పుడే, నారుమళ్ళు పోసుకునేది అప్పుడే, తుఫాను హెచ్చరికలు వినేది అప్పుడే. మన పెరటి కోళ్ళు గురకపెట్టి, రెక్కలు వాల్చి, ఒక్కొక్కటిగా రాలిపోయేదీ ఎక్కువగా ఆ నెలల్లోనే.

సంఘ పత్రికలో కోళ్ళ సంగతి ఎందుకని ఎవరైనా అనుకోవచ్చు. ఆలోచించి చూడండి. పల్లెలో పొలం పట్టా సాధారణంగా మగవాని పేరున ఉంటుంది. వడ్ల డబ్బు వచ్చీరాకముందే అప్పులవాళ్ళకు పోతుంది. కోళ్ళ మీద వచ్చే నాలుగు రూపాయలు మాత్రం ఇంటి ఇల్లాలి కొంగున ఉంటాయి. బిడ్డకు నోటుపుస్తకం, అత్తగారికి మందుబిళ్ళలు, కోతపండుగనాడు గుడికి తెచ్చే కానుక, క్రిస్మస్‌కు చిన్నదానికి గౌను, ఇవన్నీ ఎవరి ముందూ చేయి చాచకుండా జరిగేది ఆ కోళ్ళ వల్లనే. నవంబరులో పది కోళ్ళు పోతే ఆ ఇంట డిసెంబరు ఎలా గడుస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత ఒక పెద్దమ్మ నన్ను ఆపి అడిగింది. "అయ్యగారా, చలి తగలకుండా గూటికి గోనెపట్టాలు కప్పినా. దానిమీద ప్లాస్టిక్ పట్ట చుట్టినా. చిల్లు కూడా లేకుండా మూసినా. అయినా పొద్దన లేచి చూస్తే రెండు పెట్టలు చచ్చి పడుండాయి. ఇంకా చలి యాడినుంచి తగలతా ఉండాది?"

ఈ ప్రశ్న ఆమె ఒక్కదానిది కాదు. మన తీరగ్రామాలలో ఎన్నో ఇండ్లలో ఇదే జరుగుతున్నది. కోళ్ళ మీద ప్రేమతోనే గూడు మూస్తున్నాము. ఆ మూతే వాటికి ఊపిరి ఆడనివ్వడం లేదు. కావున ఈ నెల మన పేజీలో రెండు సంగతులు వివరంగా చెప్పుకుందాము. మొదటిది, చలికాలంలో గూటికి గాలి ఎట్లా విడవాలి. రెండవది, గాలికి తెరిచిన గూడు దొంగకు మాత్రం ఎట్లా మూసి ఉండాలి.

చలికి కాదు, చెమ్మకు భయపడాలి

కోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీలు. మనకంటే నాలుగు డిగ్రీలు ఎక్కువ. దాని ఈకల కింద మెత్తని నూగు ఉంటుంది. చలివేస్తే ఈకలను ఉబ్బించి వాటి నడుమ గాలిని పట్టుకుంటుంది. కాళ్ళ మీద కూర్చుని వాటిని పొట్ట కింద దాచుకుంటుంది. తలను రెక్క సందున పెట్టుకుంటుంది. అది కప్పుకున్న దుప్పటి మనం కప్పే గోనెపట్టాకంటే ఎంతో మేలైనది. మన నెల్లూరు తీరంలో డిసెంబరు, జనవరి రాత్రులు కూడా సాధారణంగా 20 డిగ్రీల దగ్గరే ఉంటాయి. ఈకలు నిండిన కోడికి అది అసలు చలే కాదు.

అయితే ఆ ఈకల దుప్పటి తడిస్తే పనికిరాదు. తడిసిన కోడి ఒంటి వేడి తొందరగా దిగిపోతుంది. కాబట్టి మన కోడికి శత్రువు చలి కాదు, చెమ్మ. ఈ చెమ్మ వానజల్లు రూపంలో బయటినుండి వస్తుంది. గూటి లోపల కూడా పుడుతుంది. ఈ రెండవదానిని చాలామంది గమనించరు.

పది కోళ్ళు రోజుకు ఇంచుమించు రెండు లీటర్ల నీళ్ళు తాగుతాయి. కోడికి చెమట పట్టదు. తాగిన నీటిలో ఎక్కువ భాగం ఊపిరితోనూ రెట్టతోనూ బయటికి రావలసిందే. రెట్టలో ముప్పాతిక భాగం నీరే. రాత్రంతా గూడు మూసి ఉంచితే ఆ ఊపిరి ఎక్కడికి పోతుంది? ప్లాస్టిక్ పట్టకు లోపలివైపు చేయి పెట్టి చూడండి, నీటి బొట్లు తగులుతాయి. అవే తిరిగి కోళ్ళ వీపుల మీదా, కింద ఊకలోనూ పడతాయి. తడిసిన రెట్ట కుళ్ళి అమ్మోనియా అనే ఘాటు గాలి పుడుతుంది. అది కోడి కళ్ళను, ముక్కును, ఊపిరి గొట్టాన్ని కాలుస్తుంది. ఆ పుండు మీదనే జలుబు, గురక, ఇతర తెగుళ్ళు వచ్చి కూర్చుంటాయి.

దీనికి పరీక్ష చాలా సులువు. తెల్లవారుజామున గూటి తలుపు తీయగానే వంగి, కోడి తల ఎంత ఎత్తులో ఉంటుందో అక్కడ మీ ముఖం పెట్టి ఒకసారి గాలి పీల్చండి. కళ్ళు మండినా, ముక్కులో ఘాటు తగిలినా మీ కోళ్ళు రాత్రంతా ఆ గాలినే పీల్చాయని అర్థం. నిలబడి వాసన చూస్తే తెలియదు, వంగాలి.

మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. కోళ్ళ గంపను చూడండి. అల్లిక అంతా సందులే. గంప కింద ఉన్న కోడికి నాలుగు వైపులా గాలి ఆడుతుంది. దానిని పంచలో పొడి నేలమీద బోర్లిస్తే జల్లు పడదు. అదే గంప మీద మనం యూరియా సంచి కప్పి, చుట్టూ తాడు బిగిస్తున్నాము. గంప మంచిదే, సంచితోనే చిక్కు.

మంచు గడ్డకట్టే దేశాలలో సైతం ఇదే అనుభవం. అమెరికాలో ప్రిన్స్ ఉడ్స్ అనే వైద్యుడు వంద ఏండ్లకు పూర్వం, 1912లోనూ మరల 1924లోనూ, కోళ్ళ గూళ్ళ గురించి పుస్తకాలు వెలువరించాడు. గూడును ముందువైపు తెరిచి ఉంచి, మిగిలిన మూడు వైపులా ఈదురు రాకుండా గట్టిగా మూయాలని ఆయన పద్ధతి. మంచు కురిసేచోట పనికివచ్చిన పద్ధతి మన ఇరవై డిగ్రీల రాత్రులకు చాలదా?

గాలి ఎక్కడ విడవాలి

"మరి గాలి విడిస్తే ఈదురు కొట్టదా?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. గాలి ఆడటం వేరు, ఈదురు కొట్టడం వేరు. కోడి కూర్చున్న ఎత్తులో దాని ఒంటిమీదుగా దూసుకుపోయేది ఈదురు. దాని తలకు పైన మెల్లగా కదిలి, వేడినీ చెమ్మనూ బయటికి తీసుకుపోయేది మనకు కావలసిన గాలి. వేడిగాలి ఎప్పుడూ పైకే పోతుంది. కాబట్టి కింద గోడ మూసి ఉండాలి, చూరు కింద తెరిచి ఉండాలి.

పది కోళ్ళకు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల గూడు రాత్రి నిద్రకు చాలు. కోడికి ఒక చదరపు అడుగుకు పైన చోటు దొరుకుతుంది. ఇరవై కోళ్ళను అందులో కుక్కితే ఎన్ని కిటికీలు పెట్టినా లాభం లేదు. ముందువైపు ఎత్తు నాలుగడుగులు, వెనుకవైపు మూడడుగులు పెట్టండి. ఈ నెలల్లో గాలీ జల్లూ ఈశాన్యంనుండి వస్తాయి. కాబట్టి గూటి వీపు ఉత్తరం, తూర్పు వైపులకు ఉండాలి. ముఖం దక్షిణానికో పడమరకో తిరిగి ఉండాలి. సాయంత్రపు ఎండ కాస్త లోపలికి పడితే ఇంకా మంచిది, నేల ఆరుతుంది.

ముందువైపు చూరు కింద, గూడు పొడవునా జానెడు వెడల్పున ఇనుప వల వేసి వదలండి. వెనుక గోడకు కూడా చూరు కిందనే బెత్తెడు సందు వదిలి వల కొట్టండి. అటునుండి కొంచెం, ఇటునుండి కొంచెం గాలి కదిలితేనే లోపలి చెమ్మ పోతుంది. ఒకేవైపు సందు ఉంటే గాలి లోపలే తిరుగుతుంది. వెనుక చూరును అడుగున్నర ముందుకు, ఆ సందుకు కిందివరకు దించండి. అప్పుడు జల్లు దానిలో పడదు.

కోళ్ళు కూర్చునే కర్ర నేలకు అడుగున్నర ఎత్తులో ఉంటే చాలు. కర్ర రెండంగుళాల మందం ఉండి పైభాగం కొంచెం చదునుగా ఉండాలి. అప్పుడే కోడి పాదాల మీద తన ఈకలు పడి వేళ్ళు వెచ్చగా ఉంటాయి. పది కోళ్ళకు మొత్తం ఆరేడు అడుగుల కర్ర కావాలి. సందు పైన, కర్ర కింద, ఈ లెక్క తప్పకపోతే ఎంత గాలి వీచినా అది కోడి తలమీదుగానే పోతుంది.

ఒక్క పిల్లల కోడికి మాత్రం ఈ లెక్క వేరు. నెలలోపు పిల్లలకు ఈకలు నిండవు. తల్లినీ పిల్లలనూ వేరుగా గంప కింద, ఇంటి పంచలో, జల్లు తగలనిచోట, పొడి వరిగడ్డి పరిచి పెట్టండి. తల్లి రెక్కల కింద వాటికి వేడి చాలు. వెచ్చదనం కోసమని గూట్లో కుంపటి ఎప్పుడూ పెట్టవద్దు. మూసినచోట కుంపటి పొగ మనుషులనే చంపుతుంది. తాటాకు గూట్లో కరెంటు బల్బు వేలాడదీయడం నిప్పుతో చెలగాటమే.

నేల పొడిగా ఉండాలంటే

నేలమీద నేరుగా కట్టిన గూడు మన ముసురుకు ఆగదు. ఒకటిన్నర అడుగు ఎత్తు అరుగు కట్టి దానిమీద గూడు నిలపండి. వాననీళ్ళు నిలిచే పల్లాలలో సరుగుడు కర్రలను రెండడుగులు భూమిలోకి పాతి, వాటిమీద చెక్కలు పరిచి మంచెలా కట్టండి. చెదలు పట్టకుండా పాతే కొసకు తారు పూయండి. 2015 నవంబరు వానలను, 2021 నవంబరు పెన్నా వరదను చూసినవారికి ఈ ఎత్తు ఎందుకో చెప్పనక్కరలేదు.

నేలమీద మూడంగుళాల మందాన ఊక పోయండి. మన వడ్ల మిల్లుల పుణ్యాన దానికి కొదువ లేదు. రోజూ ఉదయం కోళ్ళను వదిలాక కర్రతో ఒకసారి కలియబెట్టండి. వారానికొకసారి పిడికెడు ఊక తీసి గట్టిగా పిసకండి. చేయి విప్పగానే పొడిపొడిగా రాలితే మంచిది. ముద్దగా నిలిచితే ఆ ఊక తీసివేయవలసిందే. దానిని దిబ్బలో వేస్తే మంచి ఎరువు.

ఘాటు వాసన వస్తే సున్నం చల్లడం కొందరికి అలవాటు. తడి రెట్ట మీద సున్నం పడితే అమ్మోనియా ఇంకా ఎక్కువగా లేస్తుంది. కోళ్ళు ఉన్నప్పుడు అది చేయవద్దు. గూడు ఖాళీచేసి, తడి ఊక ఊడ్చి, నేల ఆరబెట్టి, అప్పుడు గోడలకూ నేలకూ సున్నం కొట్టి, అది ఆరిన తరువాత కొత్త ఊక పోయండి. నీళ్ళ ముంతను రాత్రిపూట గూట్లో పెట్టవద్దు. చీకటిలో కోడి తాగదు, ముంత ఒరిగితే ఊక తడుస్తుంది.

రాత్రి దొంగలు

ఇప్పుడు రెండవ సంగతి. గాలికోసం వదిలిన సందు దొంగకు దారి కాకూడదు. కోడి చీకట్లో చూడలేదు, కదలదు. కర్రమీద ఉన్నది ఉన్నచోటే పట్టుబడుతుంది. మన తీరంలో రాత్రివేళ వచ్చేవి బావురుపిల్లి, పునుగుపిల్లి, నక్క, ఊరకుక్కలు, పందికొక్కు, పాము. ముంగిస పగటి దొంగ. తెల్లవారుజామున, సాయంత్రం పిల్లలను ఎత్తుకుపోతుంది. వానలకు బొరియలు నిండి, మేత కరువై ఇవన్నీ ఇండ్ల చెంతకు చేరేది కూడా ఈ నెలల్లోనే.

బజారులో ఆరుకోణాల కన్నులతో దొరికే పలుచని కోళ్ళ వల కోడిని బయటికి పోనివ్వదు, అంతవరకే. కుక్క దానిని పళ్ళతో చించుతుంది. ఎలుక, పాము దానిలో దూరుతాయి. సందులకు అరంగుళం చదరపు కన్నులు గల గట్టి వల వేయండి. మేకు ఒకటి కొట్టి వంచితే చాలదు. వల అంచుమీద చెక్క బద్ద పెట్టి బిగించండి. మన ఉప్పుగాలికి మామూలు ఇనుము రెండు మూడేండ్లలో తుప్పుపట్టి పొడి అవుతుంది. జింకు పూత ఉన్నది అడిగి తీసుకోండి. ఏటా సెప్టెంబరులో వేలితో నొక్కి చూడండి. చేపల వలలు మన ఊళ్ళలో చౌకగా దొరుకుతాయి గాని, అవి పగటివేళ గద్దలకు అడ్డంగా పెరటిమీద కట్టడానికే పనికివస్తాయి. రాత్రి గూటికి పనికిరావు.

పందికొక్కులు అడుగునుండి తవ్వుకుని వస్తాయి. నేలమీది గూడైతే చుట్టూ అడుగు వెడల్పున వలను నేలమీద పరిచి, మట్టి కప్పండి. తవ్వబోయిన కొక్కుకు వల తగిలి వెనక్కు పోతుంది. తలుపుకు గొళ్ళెంతోపాటు దానిలో దూర్చే సీల కూడా ఉండాలి. ఒట్టి గొళ్ళెం కుక్క తోస్తే ఊడుతుంది. రెండుకాళ్ళ దొంగలు కూడా ఉన్నారు గదా, పండుగ ముందు వారాలలో తాళమే వేయండి.

పాము గురించి ఒక హెచ్చరిక. చూపుడువేలు దూరే సందులో పాము దూరుతుంది. గుడ్లకోసం, పిల్లలకోసం, ఎలుకలకోసం అది వస్తుంది. కాబట్టి చీకట్లో గూట్లో చేయి పెట్టి కోళ్ళను లెక్కించే అలవాటు ఈనాడే మానండి. మొదట టార్చిలైటు వేసి మూలమూలా చూడండి. పొదుగుతున్న కోడి కిందికి చేయి పోనిచ్చే ముందు కర్రతో కదపండి. పాము కరిస్తే మంత్రగాని దగ్గరకు పోయి గడియలు పోగొట్టక, నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలి. కోడికోసం మనిషిని పోగొట్టుకోకూడదు.

దొంగజంతువుల మీద కోపంతో కొందరు విషపు ముద్దలు పెడతారు, మరికొందరు కరెంటు తీగ లాగుతారు. ఆ ముద్ద పక్కింటి బిడ్డ చేతికి అందవచ్చు. ఆ తీగ తెల్లవారుజామున కాలకృత్యాలకు పోయే మనిషిని చంపవచ్చు. ముంగిస, బావురుపిల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వచ్చే జీవులు కూడా. అడ్డుకోవడం మన హక్కు. దానికి గట్టి వల చాలు.

తుఫాను హెచ్చరిక వచ్చిన నాడు

1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర దాటిన తుఫానును, 1989 నవంబరులో కావలి దగ్గర దాటిన తుఫానును మన పెద్దలు మరచిపోలేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను మన తీరం వెంబడి ఉత్తరానికి నడిచి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. తుఫానుగాలి గుండ్రంగా తిరుగుతుంది. కేంద్రం మనకు ఉత్తరంగా పోతే గాలి పడమరనుండి కొడుతుంది. అంటే మనం తెరిచి ఉంచిన ముఖంవైపే వాన పడుతుంది.

అందుకోసం ముందువైపు సందుకు తాటాకు తడిక ఒకటి పైన తాడుతో కట్టి సిద్ధంగా ఉంచండి. మామూలు రోజుల్లో అది పైకి ఎత్తి ఉండాలి. గాలి తిరిగిన పూట మాత్రం దించండి. తడిక అల్లికలోనుండి కొంత గాలి ఎలాగూ ఆడుతుంది. వాన తెరపి ఇవ్వగానే మరల ఎత్తండి. చాలామంది దించినది దించినట్లే సంక్రాంతి వరకు ఉంచుతారు. అక్కడే అసలు నష్టం. గూటి కప్పుమీద పాత వల కప్పి, నాలుగు మూలలా భూమిలోని గూటాలకు బిగించి కడితే తాటాకు ఎగిరిపోదు.

పెద్ద తుఫాను అని తెలిస్తే ముందురోజు పగటివేళనే కోళ్ళను గంపలలో పెట్టి, పక్కా కట్టడంలోకి చేర్చండి. మీరు పడుకునే గదిలో మాత్రం వద్దు. పొడి గింజలు డబ్బాలో మూసి ఉంచండి. అధికారులు ఊరు ఖాళీచేయమంటే కోళ్ళకోసం ఎవరూ వెనుక ఆగవద్దు. ఎత్తైనచోట, గింజలూ నీళ్ళూ పెట్టి, మీరు బిడ్డలతో కదలండి. తిరిగి వచ్చాక తడిసి బూజుపట్టిన నూకలు, తవుడు కోళ్ళకు వేయవద్దు. ఆ బూజులోని విషం వాటి కాలేయాన్ని పాడుచేస్తుంది.

గూడు ఒక్కటే చాలదు

గాలీ పొడీ బాగున్న గూట్లో కోడికి బలం ఉంటుంది. అయినా కొక్కెర తెగులు వస్తే ఏ గూడూ ఆపలేదు. ఈ తెగులును ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో 1926లో గుర్తించారు. తరువాత కొద్ది కాలానికే మన దేశంలో కుమావూ కొండలలోని రాణీఖేత్‌లో కనబడింది గనుక మనవారు రాణీఖేత్ తెగులు అంటారు. ఆకుపచ్చని పారుడు, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ తిరిగిపోవడం దీని గుర్తులు. వచ్చిన తరువాత మందు లేదు. రాకముందు టీకా ఉంది. పిల్లలకు మొదటి వారంలో కంటిలో గానీ ముక్కులో గానీ లసోటా చుక్క, రెండు నెలల వయసులో ఆర్‌.టు.బి. సూది. ఆ తరువాత ఎప్పుడెప్పుడు వేయించాలో మీ పశువైద్యుని అడగండి. టీకామందు మంచుముక్కలమీద ఉండాలి, చల్లనివేళ వేయాలి. వానలకు నెల ముందే ఈ పని ముగియాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. టీకా సీసాలో వంద కోళ్ళకో రెండువందల కోళ్ళకో సరిపడే మందు ఉంటుంది. విప్పిన సీసా కొద్ది గంటలకంటే నిలవదు. పది కోళ్ళున్న ఒక్క ఇంటికోసం దానిని విప్పడం కష్టం. పదిహేను ఇండ్లు కలిస్తే ఒక సీసా సరిపోతుంది. మన సంఘాలలోని స్త్రీల కూడికలు ఈ పనిని పూనుకోవచ్చు. ఏ ఇంట ఎన్ని కోళ్ళున్నవో ఒక కాగితంమీద రాసి పశువుల ఆసుపత్రికి ఇవ్వండి. ఆరాధనకు వచ్చే ఇండ్లకే పరిమితం చేయవద్దు. తెగులు కంచెను చూడదు, మతాన్నీ కులాన్నీ అడగదు. వీధిలో ఒక్క ఇల్లు వదిలినా అందరి కోళ్ళకూ ముప్పే.

2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే, పొదలకూరు మండలం చాటగుట్లలోనూ కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలోనూ కోళ్ళు పెద్ద ఎత్తున చనిపోయాయి. భోపాల్ ప్రయోగశాలలో పరీక్షిస్తే బర్డ్ ఫ్లూ అని తేలింది. చుట్టుపక్కల కోడిమాంసం దుకాణాలు మూయించారు. చలికాలంలో పులికాట్, నేలపట్టు ప్రాంతాలకూ మన చెరువులకూ దూరదేశపు పక్షులు వస్తాయి. అవి మనకు అతిథులే. వాటికి హాని చేయకూడదు. కాని అడవిపక్షులు ఈ వ్యాధిని మోసుకురాగలవు గనుక, చెరువుగట్టు మీదికి కోళ్ళను తోలకుండా, మేతా నీళ్ళూ కప్పు కిందనే పెట్టడం మంచిది.

సంతలో కొన్న కోడిని తెచ్చిన రోజే పాతవాటితో కలపవద్దు. రెండు మూడు వారాలు వేరుగా ఉంచి చూడండి. ఒకేసారి కోళ్ళు అనేకం చనిపోతే కోసుకుని తినవద్దు, చౌకగా అమ్మవద్దు, కాలువలో పారవేయవద్దు. ఒట్టి చేతులతో ముట్టక, పిల్లలను దగ్గరకు రానివ్వక, పశువుల ఆసుపత్రికి గానీ 1962 నంబరుకు గానీ కబురు చేయండి. లోతుగా గుంట తీసి సున్నంతో పూడ్చాలి. 2025లో మన రాష్ట్రంలో ఒక పసిబిడ్డ బర్డ్ ఫ్లూతో మరణించిన సంగతి మరువరాదు.

గుడ్లు తగ్గితే దిగులు పడవద్దు. డిసెంబరులో మనకు పగలు పదకొండుంపావు గంటలే. జూన్‌లో పదమూడు గంటలు. వెలుతురు తగ్గినప్పుడు కోడి ఈకలు రాల్చి, కొత్తవి తొడుక్కుంటుంది. ఆ రోజుల్లో గుడ్డు పెట్టకపోవడం జబ్బు కాదు, విశ్రాంతి. నత్తలు, చేపపొట్టు వంటి బలమైన మేత కొంచెం వేయండి.

ఇంతకూ దీనికి అయ్యే ఖర్చు ఎక్కువ కాదు. సరుగుడు కర్రలు, తాటాకు, ఊక మన చుట్టూ ఉన్నవే. డబ్బు పెట్టవలసినది గట్టి వలకూ మేకులకూ మాత్రమే. భర్తలకు ఒక మాట. కోళ్ళు ఆమెవే కావచ్చు. గూడు కట్టే బరువు పని మాత్రం మీరు పంచుకోండి. ఒక శనివారం పూట చాలు. గూటి ముఖం ఏ దిక్కున ఉందో, చూరు కింద సందు ఉందో లేదో, వల తుప్పుపట్టిందో లేదో ఇద్దరూ కలిసి చూడండి. చుట్టిన ప్లాస్టిక్ పట్ట ఉంటే మొదట దానిని విప్పండి.

దేవుడు మీ ఇండ్లను, మీ పెరళ్ళను, మీ చేతిపనిని దీవించునుగాక.